క్రాష్ అయిందా? అప్పుడే వోల్టేజ్ జోలికి వెళ్లకండి

నా టేబుల్ సొరుగులో ఒక పాత నోట్‌బుక్ ఉంది. కంప్యూటర్ ప్రాసెసర్‌ని దాని మామూలు వేగం కంటే ఎక్కువగా నడిపించడాన్ని ఓవర్‌క్లాకింగ్ అంటారు, ఆ ప్రయత్నాలు రాసుకున్న నోట్‌బుక్ అది. అందులో ఒక పేజీ చూస్తే ఇప్పటికీ నవ్వొస్తుంది. పేజీ పొడవునా ఒకటే వరస: 1.26 దగ్గర 43 నిమిషాలు, 1.28 దగ్గర 51, 1.30 దగ్గర 38, 1.32 దగ్గర 47, 1.35 దగ్గర 29, 1.37 దగ్గర 22. మొదటి అంకె నేను బయోస్‌లో (కంప్యూటర్ మొదలయ్యేటప్పుడు తెరుచుకునే సెట్టింగ్‌లలో) పెట్టిన కోర్ వోల్టేజ్, అంటే ప్రాసెసర్‌లో లెక్కలు చేసే కోర్లకి ఇమ్మని చెప్పే వోల్టేజ్. రెండోది ప్రాసెసర్‌ని గట్టిగా పనిచేయించే ప్రైమ్95 అనే సాఫ్ట్‌వేర్‌లో బ్లెండ్ టెస్ట్ క్రాష్ కాకుండా ఎంతసేపు నిలబడిందో ఆ లెక్క. ఆరు రాత్రుల శ్రమ అది.

ఆ అంకెలు ఇప్పుడు చూస్తే ఎవరికైనా ఇట్టే తెలిసిపోతుంది. వోల్టేజ్ పెంచుతుంటే టెస్ట్ ఎక్కువసేపు నిలబడాలి కదా? నిలబడలేదు సరికదా, చివరికొచ్చేసరికి ఇంకా ముందే పడిపోయింది. అంటే జబ్బు వోల్టేజ్‌లో లేదు. కానీ ఆ ఆరు రాత్రులూ నాకు ఆ సంగతి తట్టలేదు. క్రాష్ అయింది, బయోస్‌లోకి వెళ్లాను, ఇంకో 20 మిల్లీవోల్ట్లు వేశాను, సేవ్ చెయ్యడానికి ఎఫ్10 నొక్కాను. పుండు ఒకచోట ఉంటే మందు ఇంకోచోట రాస్తూ కూర్చున్నాను.

ఇది నా ఒక్కడి జబ్బు కాదు. ఓవర్‌క్లాకింగ్ మొదలుపెట్టిన ప్రతివాళ్లకీ మొదటి నెలలోనే అంటుకుంటుంది. "5.0 గిగాహెర్ట్జ్ దగ్గర బ్లూ స్క్రీన్ వస్తోంది" అని ఎవరిని అడిగినా "వీకోర్ కొంచెం పెంచి చూడు" అనే జవాబు వస్తుంది. వీకోర్ అంటే ఆ కోర్ వోల్టేజే. ఏ టెస్ట్‌లో పడింది, ఎంతసేపటికి పడింది, లోడ్ మీద పడిందా ఖాళీగా ఉన్నప్పుడు పడిందా అని అడిగేవాళ్లు తక్కువ. నా గొడవ ఆ జవాబుతోనే. క్రాష్ అవ్వగానే వోల్టేజ్ పెంచడాన్ని నేను ట్రబుల్‌షూటింగ్ అనను. ఇంకో మాట కూడా అంటాను, దీనికి చాలామంది ఒప్పుకోరు: మనం పనిచేసే వరసే తిరగబడి ఉంది. ముందు ఒక ఫ్రీక్వెన్సీ మనసులో పెట్టుకుని, అది నిలబడేదాకా వోల్టేజ్ పోస్తూ పోతాం. అలా కాదు. ముందు వోల్టేజ్‌కి ఒక గీత గీసుకోవాలి. ఆ గీత లోపల ఎంత ఫ్రీక్వెన్సీ వస్తే అంతే మనది.

ఈ అలవాటు ఎక్కడి నుంచి వచ్చిందో ఊహించడం కష్టం కాదు. 1998లో వచ్చిన సెలెరాన్ 300ఏ సంగతి పాతవాళ్లకి గుర్తుండే ఉంటుంది. దాని మల్టిప్లయర్ 4.5, బస్ 66 మెగాహెర్ట్జ్. ఈ రెంటినీ గుణిస్తే వచ్చేదే చిప్ వేగం. ఆ బస్‌ని 100కి మారిస్తే 300 మెగాహెర్ట్జ్ చిప్ 450 మెగాహెర్ట్జ్ చిప్ అయిపోయేది. ఒకటికి ఒకటిన్నర! మొండికేసిన చిప్‌లకు వోల్టేజ్ కాస్త పెంచితే దారికొచ్చేవి. 2011లో శాండీ బ్రిడ్జ్ వచ్చాక పేరు చివర 'కే' ఉన్న ఇంటెల్ ప్రాసెసర్లలో మల్టిప్లయర్ ఒక్కటి మార్చుకుంటే చాలు. 3.3 గిగాహెర్ట్జ్ బేస్ క్లాక్ ఉన్న 2500కే చాలామంది దగ్గర 4.5 దాకా హాయిగా వెళ్లేది. ఆ రోజుల్లో చిప్‌లో బోలెడంత ఖాళీ మిగిలి ఉండేది. కొంచెం వోల్టేజ్ ఇస్తే చాలా వేగం వచ్చేది. ఆ లెక్క మీద పుట్టిన సలహా అది.

ఇప్పుడా ఖాళీ లేదు. తయారీదారులే రసం మొత్తం పిండేసి పంపుతున్నారు. 2024లో వచ్చిన కోర్ ఐ9-14900కేఎస్ డబ్బా విప్పగానే 6.2 గిగాహెర్ట్జ్ దాకా బూస్ట్ అవుతుంది. అలాంటి చిప్‌కి మనం ఇంకో 100 మెగాహెర్ట్జ్ కలపాలంటే, వోల్టేజ్‌కి ఫ్రీక్వెన్సీకి మధ్య ఉన్న గీత నిట్టనిలువుగా లేచే చోట నిలబడి అడుగుతున్నట్టు. సలహా పాతదే, కింద నేల మాత్రం మారిపోయింది.

వోల్టేజ్ అసలు ఎందుకు పనిచేస్తుందో ముందు చూద్దాం. అది తెలిస్తే ఎప్పుడు పనిచెయ్యదో కూడా తెలుస్తుంది. 5 గిగాహెర్ట్జ్ అంటే ఒక్కో క్లాక్‌కి 200 పికోసెకన్లు. ఆ టైంలో కాంతి కూడా 6 సెంటీమీటర్లకు మించి వెళ్లలేదు. ఒక ఫ్లిప్‌ఫ్లాప్ (ఒక్క బిట్‌ని దాచుకునే చిన్న సర్క్యూట్) నుంచి బయల్దేరిన సిగ్నల్ మధ్యలో ఉన్న గేట్లన్నీ దాటుకుని, ఆ 200 పికోసెకన్లు అయ్యేలోపు తర్వాతి ఫ్లిప్‌ఫ్లాప్ దగ్గరికి చేరాలి. చేరకపోతే పాత విలువే నమోదవుతుంది. అదే తప్పు. చిప్‌లో అన్నిటికంటే పొడవైన దారి ఏదుందో అది ముందు తప్పుతుంది. వోల్టేజ్ పెంచితే ట్రాన్సిస్టర్లు చురుగ్గా స్విచ్ అవుతాయి కాబట్టి ఆ ఆలస్యం తగ్గుతుంది, సిగ్నల్ టైంకి చేరుతుంది. వోల్టేజ్ చేసే మేలు ఇంతే: కోర్‌లో సిగ్నల్ ఆలస్యమైతే దాన్ని తొందరపెట్టడం. ర్యామ్ టైమింగ్ తప్పినా, పవర్ సప్లై చేతులెత్తేసినా, మదర్‌బోర్డ్ మీద ప్రాసెసర్‌కి వోల్టేజ్ అందించే వీఆర్ఎం ఉడికిపోతున్నా వీకోర్ చెయ్యగలిగింది ఏమీ లేదు.

ఆ మేలుకి మనం కట్టే మూల్యం ఎంతో కూడా చూడండి. చిప్ తినే డైనమిక్ పవర్ ఫ్రీక్వెన్సీతో మామూలుగా పెరుగుతుంది, వోల్టేజ్‌తో మాత్రం వర్గంగా పెరుగుతుంది. 4.9 గిగాహెర్ట్జ్ 1.25 వోల్ట్ల నుంచి 5.1 గిగాహెర్ట్జ్ 1.35 వోల్ట్లకు వెళ్లారనుకోండి. వేగం పెరిగింది 4 శాతం. పవర్ పెరిగింది 21 శాతం. కొండను తవ్వి ఎలుకను పట్టడం అంటే ఇదే. నా నోట్‌బుక్ పేజీ లెక్క ఇంకా ఘోరం. అక్కడ ఫ్రీక్వెన్సీ 5.0 దగ్గరే ఉంది, కదల్లేదు. వోల్టేజ్ 1.26 నుంచి 1.37కి వెళ్లింది. అంటే ఒక్క మెగాహెర్ట్జ్ కూడా రాకుండా దాదాపు 18 శాతం వేడి కొనుక్కున్నాను. లీకేజ్ కరెంట్ దీనికి అదనం. అది వోల్టేజ్‌తోనూ పెరుగుతుంది, వేడితోనూ పెరుగుతుంది.

పైగా ఈ వేడి వోల్టేజ్ చేసిన మేలునే తినేస్తుంది. మనం ఓవర్‌క్లాక్ చేసే వోల్టేజ్‌ల దగ్గర చిప్ వేడెక్కే కొద్దీ ట్రాన్సిస్టర్లు నెమ్మదిస్తాయి. వోల్టేజ్ ఇచ్చి వేగం తెచ్చుకుంటే, దానివల్ల వచ్చిన వేడి ఆ వేగాన్ని కొంత వెనక్కి లాక్కుంటుంది. 70 డిగ్రీల దగ్గర 1.28తో చక్కగా నడిచే చిప్, 95 డిగ్రీల దగ్గర అదే వోల్టేజ్‌తో తప్పు చేయొచ్చు. అప్పుడు ఇంకో 20 మిల్లీవోల్ట్లు వేస్తాం. అది ఇంకా వేడెక్కుతుంది. అందుకే కూలర్ సరిగ్గా కూర్చోపెట్టి, పేస్ట్ మళ్లీ రాసుకుని ఓ ఎనిమిది పది డిగ్రీలు తగ్గించుకుంటే కొన్నిసార్లు వోల్టేజ్ పెంచినంత ఫలితం ఉంటుంది. దాని గురించి ఎవరూ గొప్పగా చెప్పుకోరు. స్క్రీన్‌షాట్ తీసి చూపించడానికి ఏమీ ఉండదు కదా.

ఇప్పుడు చాలామంది తడబడే చోటికి వద్దాం. బయోస్‌లో మీరు 1.35 అని టైప్ చేస్తే చిప్‌కి 1.35 అందదు.

అందకపోవడం లోపం కాదు, కావాలని అలా పెట్టారు. ప్రాసెసర్ ఎక్కువ కరెంట్ లాగుతున్నప్పుడు వోల్టేజ్ కొంత కిందికి దిగేలా ఇంటెల్ స్పెసిఫికేషన్‌లోనే లోడ్‌లైన్ అని ఒకటి ఉంటుంది. దాన్ని మిల్లీఓమ్‌లలో చెబుతారు. 1.1 మిల్లీఓమ్‌ల లోడ్‌లైన్ ఉండి, ఫుల్ లోడ్‌లో చిప్ 130 ఆంపియర్లు లాగుతుంటే 143 మిల్లీవోల్ట్లు దిగిపోతుంది. బయోస్‌లో 1.35 ఉంటే చిప్ దగ్గర సుమారు 1.207. దీన్నే వీడ్రూప్ అంటారు. ఎవరో "నాది 1.35 దగ్గర నిలబడింది" అన్నారని మనం 1.35 పెడితే అర్థం లేనిది ఇందుకే. వాళ్ల బోర్డ్ ఎంత దించుతోంది? మన బోర్డ్ ఎంత దించుతోంది? లోడ్‌లో చిప్‌కి అందే వోల్టేజ్ చెప్పకుండా వోల్టేజ్ గురించి మాట్లాడితే, బట్ట పేరు చెప్పి కొలత చెప్పనట్టే.

ఈ దిగుడు చూసి కంగారుపడినవాళ్ల కోసం బోర్డ్ తయారీదారులు లోడ్‌లైన్ క్యాలిబ్రేషన్ అని ఒక ఆప్షన్ పెట్టారు, ఎల్ఎల్‌సీ. లెవెల్ పెంచే కొద్దీ వోల్టేజ్ దిగడం తగ్గుతుంది. చివరి లెవెల్‌లో గీత చదునుగా అయిపోతుంది, కొన్ని బోర్డ్‌లలో లోడ్ పడగానే పైకి కూడా లేస్తుంది. నేను మొదట్లో అన్నిటికంటే పై లెవెల్ పెట్టి, గ్రాఫ్‌లో తిన్నటి గీత చూసుకుని మురిసిపోయినవాణ్నే. ఆ గీత చూపించని సంగతి ఒకటుంది. లోడ్ ఒక్కసారిగా తీసేసినప్పుడు, అంటే 130 ఆంపియర్లు లాగుతున్న చిప్ క్షణంలో 20కి పడిపోయినప్పుడు, వీఆర్ఎం అంత త్వరగా తగ్గలేదు. కొన్ని మైక్రోసెకన్ల పాటు వోల్టేజ్ పైకి ఎగురుతుంది. మామూలు లోడ్‌లైన్‌లో చిప్ అప్పటికి 1.2 దగ్గర ఉంటుంది కాబట్టి ఎగిరినా మీరు పెట్టిన 1.35 దాటకుండా ఆగడానికి చోటు ఉంటుంది. చదునైన గీత మీద చోటు లేదు. 1.35 దగ్గర నుంచే పైకి ఎగురుతుంది. లోడ్ ఒక్కసారిగా వచ్చి మీదపడినప్పుడు ఇదే తంతు కిందివైపు. సగటు చూస్తే తిన్నగా ఉంటుంది, కింది అంచు మాత్రం చిప్‌కి చాలనంత లోతుకి వెళ్లొస్తుంది. సెకనుకి ఒకసారో రెండుసార్లో చదివే హెచ్‌డబ్ల్యూఇన్ఫో లాంటి సాఫ్ట్‌వేర్‌కి ఇవేవీ కనపడవు. చూడాలంటే ఆసిలోస్కోప్ పెట్టాలి.

కాబట్టి నా మాట: ఎల్ఎల్‌సీ మధ్య లెవెల్‌లో పెట్టుకోండి, వోల్టేజ్ కొంత దిగనివ్వండి. బయోస్‌లో కనిపించే అంకె కాస్త పెద్దగా ఉన్నా భయపడకండి. లోడ్‌లో చిప్ దగ్గర ఎంత ఉందో అదే మీ అసలు వోల్టేజ్. అది చదవడంలోనూ ఒక మెలిక ఉంది. కొన్ని బోర్డ్‌లు సాకెట్‌కి కాస్త దూరంలో కొలుస్తాయి, కొన్ని చిప్ డై (లోపలి సిలికాన్ ముక్క) దగ్గరే కొలుస్తాయి. మొదటి రకంలో అసలు కంటే ఎక్కువ కనిపిస్తుంది, మధ్యలో పోయిన వోల్టేజ్ లెక్కలోకి రాదు కాబట్టి. రెండు బోర్డ్‌ల అంకెల్ని పక్కపక్కన పెట్టి పోల్చేముందు ఇది గుర్తుంచుకోవాలి.

సరే, నా ఆరు రాత్రుల కథకి వస్తాను. ఏడో రోజు, ఇలాంటి వ్యవహారాల్లో నాకంటే చాలా ముందున్న ఒక స్నేహితుడికి ఫోన్ చేశాను. అంతా విని ఒకే ప్రశ్న అడిగాడు.

"స్మాల్ ఎఫ్ఎఫ్‌టీలో పోతోందా, బ్లెండ్‌లో పోతోందా?"

"బ్లెండ్‌లోనే రా. స్మాల్ ఎఫ్ఎఫ్‌టీ మూడు గంటలు నడిచింది."

"మరి వీకోర్‌ని ఎందుకు చావగొడుతున్నావ్? ర్యామ్ ఎంతలో ఉంది?"

నాలుగు ర్యామ్ స్టిక్‌లు, ఎక్స్ఎంపీ (ర్యామ్‌ని దాని డబ్బా మీద రాసిన వేగంతో నడిపే బయోస్ ఆప్షన్) ఆన్, 3600. ఆ మాట నా నోట్లోంచి బయటికొస్తుండగానే నాకు విషయం అర్థమైపోయింది. స్మాల్ ఎఫ్ఎఫ్‌టీ అంటే ప్రైమ్95లోనే ఇంకో టెస్ట్, అందులో లెక్కంతా ప్రాసెసర్ క్యాష్‌లోనే (చిప్ లోపలి చిన్న మెమరీలోనే) జరుగుతుంది. కోర్లని అన్నిటికంటే ఎక్కువగా కాల్చే టెస్ట్ అది. అక్కడ మూడు గంటలు నిలబడిన కోర్లు, వాటికి తక్కువ వేడి పుట్టించే బ్లెండ్‌లో ఎందుకు పడతాయి? బ్లెండ్‌లో కొత్తగా వచ్చి కలిసేది ర్యామ్, దాన్ని నడిపే మెమరీ కంట్రోలర్. ర్యామ్‌ని 2133కి దించి, వీకోర్‌ని మళ్లీ 1.26కి తెచ్చి బ్లెండ్ పెట్టి పడుకున్నాను. పొద్దున్న లేచేసరికి టెస్ట్ నడిపే ఎనిమిది వర్కర్లూ నడుస్తూనే ఉన్నాయి. వోల్టేజ్ పెంచే కొద్దీ ముందే ఎందుకు పడిందంటే, కోర్ల వేడి అదే సిలికాన్ ముక్క మీద ఉన్న కంట్రోలర్‌ని ఇంకా ఇబ్బంది పెట్టి ఉంటుందని నా అనుమానం.

ఎక్స్ఎంపీ అయినా, ఏఎండీ వైపు అలాంటిదే అయిన ఎక్స్‌పో అయినా ఓవర్‌క్లాకింగేనని మనం తరచూ మర్చిపోతాం. డబ్బా మీద 3600 అని అచ్చువేశారు కాబట్టి అది "మామూలు" అనుకుంటాం. స్టిక్ ఆ వేగానికి తట్టుకుంటుందని అమ్మినవాళ్లు చెబుతున్నారు, మన ప్రాసెసర్‌లోని కంట్రోలర్ తట్టుకుంటుందని కాదు. అందులోనూ నాలుగు స్టిక్‌లు పెడితే దాని మీద భారం ఇంకా ఎక్కువ. ప్రాసెసర్ ఓవర్‌క్లాక్ మొదలుపెట్టేముందు ర్యామ్‌ని డిఫాల్ట్‌కి దించండి. కోర్ల సంగతి తేల్చుకోండి. తర్వాత కోర్లని డిఫాల్ట్‌కి తెచ్చి ర్యామ్ సంగతి తేల్చుకోండి. చివర్లో రెండూ కలపండి. రెండింటినీ ఒకేసారి కదిలించినవాళ్లు గుడ్డెద్దు చేలో పడ్డట్టు తిరుగుతారు. నేను తిరిగాను కాబట్టి చెబుతున్నాను.

బ్లూ స్క్రీన్ మీద కోడ్ కూడా కొంత చెబుతుంది. అదే తీర్పు అనుకోకూడదు, సాక్ష్యం అనుకోవాలి. క్లాక్ వాచ్‌డాగ్ టైమవుట్ వచ్చిందంటే ఒక కోర్ టైంకి పలకలేదని. అప్పుడు కోర్ వోల్టేజ్‌ని అనుమానించడం న్యాయమే. డబ్ల్యూహెచ్ఈఏ అన్‌కరెక్టబుల్ ఎర్రర్ అంటే హార్డ్‌వేరే తనకి తప్పు దొరికిందని చెబుతోంది. ఇదీ ఎక్కువగా ప్రాసెసర్ వైపే చూపిస్తుంది. మెమరీ మేనేజ్‌మెంట్ అని వస్తే, లేదా ఒక్కోసారి ఒక్కో కొత్త కోడ్ వస్తుంటే, నేను ముందు ర్యామ్ వైపు చూస్తాను. బ్లూ స్క్రీన్ ఏదీ లేకుండా టప్‌మని కరెంట్ పోయినట్టు ఆగిపోతే అది పవర్ సప్లై రక్షణో, వీఆర్ఎం రక్షణో అయ్యే అవకాశం ఎక్కువ. తర్వాత విండోస్ లాగ్‌లు చూపించే ఈవెంట్ వ్యూయర్‌లో కెర్నల్-పవర్ 41 కనిపిస్తుంది. ఆ 41ని పట్టుకుని వేలాడేవాళ్లను చూస్తే జాలేస్తుంది. "సరిగ్గా షట్‌డౌన్ కాకుండా ఆగిపోయింది" అని చెప్పడమే దాని పని. ఆగిపోయిందని మనకి ముందే తెలుసు కదా!

ఈవెంట్ వ్యూయర్‌లో నిజంగా చూడాల్సింది డబ్ల్యూహెచ్ఈఏ-లాగర్ ఎంట్రీలు. 18 అయితే ప్రాణం తీసిన తప్పు, 19 అయితే హార్డ్‌వేర్ తనే దిద్దుకున్న తప్పు. ఈ 19 నివురుగప్పిన నిప్పు లాంటిది. క్రాష్ ఉండదు, అంతా బాగానే ఉన్నట్టు ఉంటుంది, లోపల తప్పులు పేరుకుంటూ ఉంటాయి. ఎనిమిది గంటల టెస్ట్ పాసయింది, లాగ్‌లో మాత్రం పన్నెండు 19లు ఉన్నాయంటే నా లెక్కలో అది పాస్ కాదు.

ఇక్కడే మా తమ్ముడి మెషీన్ కథ చెప్పాలి. ఎందుకంటే అది నా కథకి పూర్తిగా ఎదురు. వాడిది ఎనిమిది కోర్లు, 16 థ్రెడ్‌ల ఏఎండీ రైజెన్ 5000 సిరీస్ ప్రాసెసర్. వోల్టేజ్ పెంచలేదు, తగ్గించాడు. ఒక్కో కోర్ వోల్టేజ్‌ని విడిగా మార్చనిచ్చే కర్వ్ ఆప్టిమైజర్‌లో అన్ని కోర్లకీ మైనస్ 30 పెట్టేశాడు. ఒక్కో అంకెకి 3 నుంచి 5 మిల్లీవోల్ట్లు తగ్గుతుంది, అంటే 90 నుంచి 150 మిల్లీవోల్ట్ల కోత. ప్రాసెసర్ వేగం కొలిచే సినీబెంచ్‌లో స్కోర్ పెరిగింది, వేడి తగ్గింది. ప్రైమ్95 రాత్రంతా నడిచింది. వాడి ఆనందానికి అంతు లేదు. మూడో రోజు ఫోన్.

"అన్నయ్యా, ఏం చెయ్యకుండా కూర్చుంటే రీస్టార్ట్ అవుతోంది. డెస్క్‌టాప్ మీద ఊరికే ఉంది, అంతే, పోయింది. గేమ్ ఆడితే మాత్రం ఏం కావట్లేదు."

చాలామందికి ఇది వింతగా అనిపిస్తుంది. లోడ్ మీద నిలబడేది ఖాళీగా ఉంటే పడటమేంటి? అన్ని కోర్లూ పనిచేస్తున్నప్పుడు పవర్ పరిమితి, వేడి కలిసి ఫ్రీక్వెన్సీని కిందికి దించుతాయి. అప్పుడు కోర్‌కి కోత పెట్టిన వోల్టేజ్ కూడా సరిపోతుంది. ఖాళీగా ఉన్నప్పుడు ఒకే ఒక్క కోర్ ఏదో చిన్న పని కోసం లేచి, ఒక్క క్షణం అన్నిటికంటే పై బూస్ట్‌కి ఎగురుతుంది. దానికి అసలు పరీక్ష ఆ ఎగురుడే. రాత్రంతా అన్ని కోర్ల టెస్ట్ పెట్టినా ఆ చోటుని ఒక్కసారి కూడా తాకదు. ఇంటెల్ వైపు నెగటివ్ ఆఫ్‌సెట్ పెట్టినవాళ్లకీ ఇదే అనుభవం. ఆఫ్‌సెట్ మొత్తం గీతని కిందికి లాగుతుంది కాబట్టి లోడ్‌లో బాగున్నా, తక్కువ ఫ్రీక్వెన్సీల దగ్గర ముందే సన్నగా ఉన్న వోల్టేజ్ ఇంకా సన్నబడుతుంది.

లాగ్ తెరిపించాను. డబ్ల్యూహెచ్ఈఏ 18, క్యాష్ హైరార్కీ ఎర్రర్, ప్రాసెసర్ ఏపీఐసీ ఐడీ (ఒక్కో థ్రెడ్‌కి ఉండే నంబర్) 6. రీస్టార్ట్ అయిన ప్రతిసారీ అదే 6 లేదా 7. ఒక్కో కోర్‌కి రెండు థ్రెడ్‌లు కాబట్టి, సున్నా నుంచి లెక్కపెడితే అది మూడో నంబర్ కోర్. మిగతా ఏడూ అమాయకులు. కోర్‌సైక్లర్ అనే స్క్రిప్ట్ ఒకటుంది, ఒక్కో కోర్‌ని విడిగా బూస్ట్‌కి లేపి పరీక్షిస్తుంది. దాంతో చూస్తే మూడో కోర్ నాలుగు నిమిషాలు కూడా నిలవలేదు. దాన్ని మైనస్ 30 నుంచి మైనస్ 12కి తెచ్చాం. అంతే. ఎవరో చెప్పారని మొత్తానికి 50 మిల్లీవోల్ట్లు పెంచేసి ఉంటే రీస్టార్ట్‌లు ఆగిపోయేవేమో. కానీ ఒక్క కోర్ చేసిన తప్పుకి మిగతా కోర్లన్నీ అనవసరపు వేడి మోయాల్సి వచ్చేది.

రైజెన్ చిప్‌లతో ఇంకో చిన్న మోసం ఉంది, వెళ్తూ వెళ్తూ చెప్పేస్తాను. వోల్టేజ్ చాలకపోతే అవి కొన్నిసార్లు క్రాష్ అవ్వవు, క్లాక్‌ని సాగదీస్తాయి. తెర మీద 4.8 గిగాహెర్ట్జ్ అని ఉంటుంది, లోపల జరిగే పని 4.6కి సరిపడా. హెచ్‌డబ్ల్యూఇన్ఫోలో ఎఫెక్టివ్ క్లాక్ అని విడిగా ఉండేది ఇందుకే. ఫుల్ లోడ్‌లో మామూలు క్లాక్‌కీ దానికీ పెద్ద తేడా ఉంటే, లేదా వోల్టేజ్ తగ్గించాక స్కోర్ పడిపోతే, మీ "స్టేబుల్ అండర్‌వోల్ట్" స్టేబుల్ కాదు.

ఇప్పుడు ఎదుటి వాదన. "నేను గేములే ఆడతాను. ప్రైమ్95 లాంటి లోడ్ నా జీవితంలో రాదు. దాని కోసం ఎందుకు చావాలి?" ఇందులో సగం న్యాయం ఉందని ఒప్పుకుంటాను. ప్రైమ్95 స్మాల్ ఎఫ్ఎఫ్‌టీ, అందులోనూ ఏవీఎక్స్ (బరువైన లెక్కల కోసం ప్రాసెసర్‌లో ఉండే ప్రత్యేక ఆదేశాలు) ఆన్‌లో ఉంటే, మామూలు పనులేవీ లాగనంత కరెంట్ లాగుతుంది. దాన్ని 24 గంటలు నడపాలనే మొండిపట్టు నాకూ లేదు.

మిగతా సగంతోనే నాకు పేచీ. తప్పు చేసే కోర్ గేమ్ క్రాష్ చేసి ఊరుకోదు. కొన్నిసార్లు ఏదీ క్రాష్ చెయ్యకుండా ఒక బిట్‌ని తిప్పేసి, ఆ తప్పుడు బిట్‌ని మీ ఫైల్‌లో రాసేసి వెళ్లిపోతుంది. ప్రైమ్95 మనవాళ్లకు ఇష్టమవడానికి కారణం వేడి పుట్టించడం ఒక్కటే కాదు. 1996 నుంచి మెర్సెన్ ప్రైమ్ సంఖ్యల వేట సాగిస్తున్న జింప్స్ ప్రాజెక్ట్ సాఫ్ట్‌వేర్ అది. ఒక్క అంకె తప్పినా వాళ్ల వారాల శ్రమ వృథా. అందుకే తన లెక్కని తనే తనిఖీ చేసుకుంటుంది. రౌండింగ్ తేడా 0.4 కంటే తక్కువ ఉండాల్సింది 0.5 వచ్చిందని వర్కర్ ఆగిపోతే, చిప్ తప్పు చేస్తున్న క్షణంలో పట్టుబడిందన్నమాట. మీ ఫోటో ఎడిటర్ అలా పట్టుకోదు.

గేములే ఆడేవాళ్లకైనా ఇది వర్తిస్తుందని 2023, 2024లలో అందరూ చూశారు. ఇంటెల్ 13, 14 తరాల పెద్ద ప్రాసెసర్లు ఉన్న కొందరికి అన్‌రియల్ ఇంజిన్ గేములు తెరవగానే వీడియో మెమరీ చాల్లేదని ఎర్రర్ వచ్చేది. పాపం, వాళ్లు గ్రాఫిక్స్ కార్డ్‌ని అనుమానించారు, డ్రైవర్లు మార్చారు. తప్పు ప్రాసెసర్‌ది. గేమ్ మొదలయ్యేటప్పుడు షేడర్ల (తెర మీద బొమ్మని గీసే చిన్న ప్రోగ్రాముల) డేటాని డీకంప్రెస్ చేస్తుంది. అది ఒక్క బిట్ తప్పు కూడా క్షమించని పని. అక్కడ తప్పిన లెక్క ఇంకెక్కడో గ్రాఫిక్స్ ఎర్రర్‌గా బయటపడింది. తెర మీద కనిపించే పేరుని బట్టి దోషిని తేల్చకూడదని ఇంతకంటే పెద్ద ఉదాహరణ నాకు దొరకదు.

ముందు వోల్టేజ్‌కి గీత గీసుకోవాలన్న నా రెండో వాదనకి కూడా ఆ వ్యవహారం సాక్ష్యం. వోల్టేజ్ అంటే ఇప్పటి వేడి మాత్రమే కాదు. చిప్ లోపలి సన్నటి లోహపు తీగల్లో ఎలక్ట్రాన్ల తోపుడుకి అణువులు కొంచెం కొంచెంగా జరిగిపోతుంటాయి, ఎలక్ట్రోమైగ్రేషన్ అంటారు. కరెంట్ సాంద్రత పెరిగితే, వేడి పెరిగితే ఎంత త్వరగా తీగ పాడవుతుందో లెక్క చెప్పే సూత్రాన్ని 1969లోనే జేమ్స్ బ్లాక్ ఇచ్చాడు. ట్రాన్సిస్టర్లు కూడా వోల్టేజ్‌కి, వేడికి అరుగుతాయి. అరిగిన చిప్ ఏం చేస్తుందంటే, నిన్న 1.26తో చేసిన పనికి ఇవాళ 1.28 అడుగుతుంది. ఇంటెల్ 2024లో బయటపెట్టిన సమస్యకి పెట్టిన పేరే వీమిన్ షిఫ్ట్ ఇన్‌స్టబిలిటీ, అంటే నడవడానికి కావాల్సిన కనీస వోల్టేజ్ పైకి జరగడం. ఎక్కువ వోల్టేజ్, వేడి తగిలి కోర్‌లో క్లాక్ సిగ్నల్‌ని పంచే క్లాక్ ట్రీ సర్క్యూట్ అరిగిపోతోందని తేల్చారు. ఆగస్టులో 0ఎక్స్129 అనే మైక్రోకోడ్‌తో (ప్రాసెసర్ లోపలి సాఫ్ట్‌వేర్‌తో), చిప్ అడిగే వోల్టేజ్‌ని 1.55 దాటకుండా కట్టడి చేశారు. ప్రభావితమైన, డబ్బాలో పెట్టి అమ్మిన ప్రాసెసర్లకి వారంటీ ఇంకో రెండేళ్లు పెంచారు. అంతకుముందు ఏడాదే ఏఎండీ వైపు, రైజెన్ 7000 ఎక్స్3డీ చిప్‌లు కొన్ని కాలిపోయాక మెమరీ కంట్రోలర్ ఉండే భాగానికి ఇచ్చే ఎస్ఓసీ వోల్టేజ్‌ని 1.3 వోల్ట్ల దగ్గర ఆపేశారు. అక్కడ ర్యామ్ ఎక్స్‌పో ఆన్ చేస్తే కొన్ని బోర్డ్‌లు తమంతట తామే ఆ వోల్టేజ్‌ని ఎక్కువ పెట్టేవి. చిప్ తయారుచేసినవాళ్లే వోల్టేజ్‌కి గీత గీసుకోవాల్సి వచ్చినప్పుడు, మనం గీత లేకుండా పోస్తూ పోతామంటే ఎలా?

అరిగిన చిప్‌కి వోల్టేజ్ పెంచితే మళ్లీ నడుస్తుంది. దాంతో ఇంకా త్వరగా అరుగుతుంది. ఆరు నెలలు బాగా నడిచిన సెట్టింగ్ ఏ మార్పూ లేకుండా క్రాష్ అవ్వడం మొదలుపెట్టిందంటే, దుమ్ము, వేడి, కొత్త బయోస్ అన్నీ చూశాక కూడా కారణం దొరక్కపోతే, నేను ఫ్రీక్వెన్సీ తగ్గిస్తాను. వోల్టేజ్ పెంచను.

ఇప్పుడు నేను చేసే పద్ధతి ఇది. ముందు కూలర్‌ని బట్టి గీత: ఫుల్ లోడ్‌లో 85 డిగ్రీలు దాటకూడదు, లోడ్‌లో చిప్ దగ్గర 1.25 దాటకూడదు. ఈ అంకెలు నా చిప్‌కి, నా కూలర్‌కి, నా భయానికి సరిపోయేవి. మీవి వేరే ఉంటాయి. ర్యామ్ డిఫాల్ట్, ఎల్ఎల్‌సీ మధ్యలో. ఫ్రీక్వెన్సీ కింద నుంచి 100 మెగాహెర్ట్జ్ చొప్పున పైకి. ఒకసారికి ఒకటే మార్పు, మార్చిన ప్రతిదీ నోట్‌బుక్‌లో. స్మాల్ ఎఫ్ఎఫ్‌టీ అరగంట, బ్లెండ్ ఒక రాత్రి, తర్వాత ఒక్కో కోర్‌ని విడిగా, ఆ తర్వాత రెండు రోజులు ఊరికే మామూలుగా వాడటం. ఈ చివరి రెండు రోజులనీ చాలామంది లెక్కలోకి తీసుకోరు. నేను పట్టుకున్న తప్పుల్లో సగం అక్కడే దొరికాయి, ఎక్కువగా స్లీప్ నుంచి లేపినప్పుడు.

పడితే, వోల్టేజ్‌ని తాకేముందు ఎక్కడ పడిందో రాస్తాను. స్మాల్ ఎఫ్ఎఫ్‌టీలో పడి, వేడి మామూలుగా ఉండి, వోల్టేజ్ గీత కింద ఉంటే, అప్పుడు 10 మిల్లీవోల్ట్లు పెంచుతాను. 10 చాలకపోతే ఇంకో 10. రెండోసారి కూడా చాలకపోతే 100 మెగాహెర్ట్జ్ దించేస్తాను, బతిమాలడం ఉండదు.

అలా నా చిప్ 4.9 దగ్గర ఆగింది. లోడ్‌లో 1.21, ర్యామ్ 3200. 5.0 దగ్గర కూడా 1.26తో నడిచిందని మీకు గుర్తుండే ఉంటుంది. నడిచింది, కానీ ఎండాకాలం మధ్యాహ్నం 91 డిగ్రీలకి వెళ్లింది, వేడికి నేను గీసుకున్న గీత దాటింది. నోట్‌బుక్‌లో ఆ పేజీ కింద ఎర్ర ఇంకుతో "4.9" అని రాసి గుండ్రంగా చుట్టేశాను. అప్పుడప్పుడూ బయోస్ తెరిచినప్పుడు మల్టిప్లయర్ దగ్గర 49 కనిపిస్తుంది. 50 అని కొట్టాలని చెయ్యి దురద పెడుతుంది. ఎస్కేప్ నొక్కి బయటికొచ్చేస్తాను.